20 ఎంబీ ఫొటోలు 40 మందికి మెయిల్ కొట్టే పెద్దాయనకి ఎలగ చెప్పాలి?

గంటస్తంభం_పక్కన:

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక చిన్న కాంట్రాక్టు ఆఫీసులో బిల్లింగ్ చూస్తాను, వాటర్ ట్యాంకులు, పైప్‌లైన్ పనులు మావి. సైట్లు చాలావరకు పైనే, సాలూరు, పాచిపెంట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు.

మాకో పెద్ద ఇంజనీరు గారున్నారు, రిటైరయ్యాక మా దగ్గర కన్సల్టెంట్‌గా చేస్తన్నారు. అరవై దాటాయి, పనిలో ఆయన మాటే మాట, మేమందరం ఆయన దగ్గర నేర్చుకున్నోళ్ళమే. ఆయన సైటుకెళ్ళొచ్చిన సాయంత్రం ఫోన్లో తీసిన ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి ఉన్నవి ఉన్నట్టు మెయిల్లో పెట్టేస్తారు. ఒక్కో మెయిలు 20 ఎంబీ దాకా ఉంటాది, ఎక్కువుంటే రెండు మూడు మెయిళ్ళుగా విడగొట్టి మరీ పంపుతారు. అదీ ఒకరికి కాదు, సూపర్‌వైజర్లు, స్టోర్స్, ఎకౌంట్స్, ఓనర్ గారి అబ్బాయి, అందర్నీ కలుపుకుంటే 40 మంది. సబ్జెక్ట్ ఖాళీ, లోపల "ఫొటోలు పంపుతున్నాను" అని ఒక్క ముక్క. దాన్ని మళ్ళీ ఎవరో ఒకరు "అందరూ చూడగలరు" అని అందరికీ ఫార్వర్డ్ కొడతారు, అంటే అదే బరువు రెండోసారి.

మొన్న ఏటయ్యిందంటే కురుపాం సైటు సూపర్‌వైజర్ ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు స్కాన్ చేయించి ఆఫీసు ఐడీకి పంపాడు, ఆ ఐడీ అప్పటికే నిండిపోయుంది, మెయిలు వెనక్కి పోయింది. వెనక్కొచ్చినట్టు ఆయనకి ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది గానీ అదేదో ప్రకటన అనుకుని ఒగ్గేశాడు. అక్కడాయన పంపేశాననుకున్నాడు, ఇక్కడ మాకేమీ రాలేదు. ఆ నెల బిల్లు తప్పిపోయింది. పైడితల్లమ్మ పండక్కి ముందు కూలోళ్ళ చేతికి రావాల్సిన డబ్బులు పండగెళ్ళిపోయాక వచ్చాయి. ఆడోళ్ళు ఆఫీసు దాకా వచ్చి అడిగితే మెయిల్ నిండిపోయిందమ్మా అని ఎలగ చెప్తాం, చెప్పినా వాళ్ళకేటి సంబంధం.

నాకు రెండు సంగతులు తెలియాలి. పెద్ద ఫైళ్ళు పంపడానికి అసలు పద్ధతేటి, ఎంత దాకా పంపొచ్చు, ఎవరికి పంపాలి. రెండోది ఇంకా కష్టం, ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఆడపిల్లని నేను వెళ్ళి సార్ ఇలగ పంపకండి అంటే బాగోదు కదా, ఆయన నొచ్చుకోకుండా ఎలగ చెప్పాలి.

—

ఆమదాలవలస_రోడ్డు:

అమ్మా, నేను వైజాగ్‌లో చాలాకాలం మెయిల్ సర్వర్లు చూసిన వాడిని, ఇలాంటి పంచాయితీలు మాకు రోజూ వచ్చేవి. సార్‌కి చెప్పే సంగతి తర్వాత, ముందు మీ ఆఫీసు ఐడీ ఎందుకు నిండిందో చూడండి. ఉచితంగా వచ్చే జీమెయిల్ ఐడీ అయితే 15 జీబీ, ఆ 15లోనే మెయిలూ, నెట్లో ఫైళ్ళు దాచుకునే గూగుల్ డ్రైవూ, గూగుల్ ఫొటోసూ మూడూ ఇరుక్కుని ఉంటాయి. 2021 జూన్ 1 నుంచి అప్‌లోడ్ అయిన ఫొటోలైతే తక్కువ క్వాలిటీ పెట్టుకున్నా సరే లెక్కలోకొస్తాయి. ఆఫీసు ఐడీని ఎవరైనా తమ ఫోన్లో లాగిన్ చేసి ఉంటే, ఆ ఫోన్లో ఫొటో బ్యాకప్ ఆన్ అయి ఉంటే, వాళ్ళింట్లో పెళ్ళి ఫొటోలు కూడా మీ బిల్లింగ్ ఐడీలోనే జాగా తింటుంటాయి. నేను చూసిన చిన్న ఆఫీసుల్లో సగం చోట్ల ఇదే జరుగుతుంది. నిండిపోయాక ఆ ఐడీకి మెయిళ్ళు రావు, దాన్నుంచి పోవు కూడా.

ఇప్పుడు ఫైళ్ళ సంగతి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాకా పంపొచ్చు అంటారు కదా, కానీ మీ ఫొటోలు ఫోన్లో చూపించే సైజూ, మెయిలు మొత్తం తయారయ్యాక దాని సైజూ ఒకటి కాదు. మెయిల్ అనేది మొదట్నుంచీ అక్షరాల కోసం కట్టింది. 1982లో మెయిళ్ళు ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి పంపే ఎస్ఎంటీపీ పద్ధతి రాసుకున్నప్పుడు ఫొటోలు పంపుతారని ఎవరూ అనుకోలేదు, 7 బిట్లలో పట్టే ఇంగ్లీషు అక్షరాలే అందులో నడిచేవి. 1992లో మైమ్ అని వచ్చాక ఫొటో అయినా పాట అయినా అక్షరాల్లోకి మార్చి పంపే దారి దొరికింది. బేస్64 అంటారు దాన్ని. ఫైల్లో ప్రతి 3 బైట్లకీ 4 అక్షరాలవుతాయి, మధ్యమధ్యలో లైను తెంపులు కూడా కలుపుకుంటే సుమారు 37 శాతం పెరుగుతుంది. అంటే ఫోన్లో 18 ఎంబీ చూపించే ఫొటోలు దార్లో 25 ఎంబీ దగ్గరకొచ్చేస్తాయి. "నా ఫైలు 22 ఎంబీయే కదా ఎందుకు పోలేదు" అని అడిగే వాళ్ళలో చాలామందికి జవాబు ఇదే. పైగా మీ పక్క 25 ఒప్పుకున్నా అవతల సర్వరు ఒప్పుకోవాలి కదా, చాలా ఆఫీసుల సొంత సర్వర్లు 10 ఎంబీ దాటితే లోపలికి రానివ్వవు, 552 అని ఒక నంబరేసి వెనక్కి కొట్టేస్తాయి.

ఇంకో లెక్క చెప్తాను, ఇది మాత్రం సార్‌కి చూపించండి. ఒక 20 ఎంబీ మెయిలు 40 మందికి వెళ్తే 40 డబ్బాల్లో 40 కాపీలు, మొత్తం 800 ఎంబీ. ఎవరో అందరికీ ఫార్వర్డ్ కొడితే 1600. ఒక్క సాయంత్రం ఒక్క సైటుది. అదే ఫొటోలు డ్రైవ్‌లో ఒక ఫోల్డర్లో పెట్టి లింకు పంపితే ఒకే కాపీ, అదీ పెట్టినాయన జాగాలో, ఆ 40 మంది డబ్బాల్లో ఒక్క లైను.

రిప్లై కొడితే అటాచ్‌మెంట్ మళ్ళీ పోదు, ఫార్వర్డ్ కొడితేనే పోతుంది. అందుకని ఫార్వర్డ్ కొట్టేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి, అవసరం లేని ఫైళ్ళు తీసేసి పంపమని. తప్పంతా పెద్దాయన నెత్తిన వెయ్యక్కర్లేదు.

—

జిప్_చేస్తే_సరి:

ఇంత చర్చ ఎందుకండీ, అన్నీ జిప్ చేసి పంపమనండి, సైజు తగ్గిపోద్ది.

—

ఆమదాలవలస_రోడ్డు:

ఫొటోలకి పనిచెయ్యదు తమ్ముడూ. జేపీజీ అంటేనే అప్పటికే కుదించిన ఫైలు, దాన్ని జిప్‌లో పెడితే ఒకటో రెండో శాతం తగ్గుతుందంతే. ఎక్సెల్ పాత ఫైళ్ళు, నోట్‌ప్యాడ్ ఫైళ్ళు అయితే బాగా తగ్గుతాయి. జిప్ వల్ల లాభం ఒకటుంది, పది ఫైళ్ళు విడివిడిగా దించుకునే బాధ తప్పుతుంది, కానీ ఫోన్లో తెరిచేవాళ్ళకి అదే కొత్త బాధ.

ఫొటోలకి చెయ్యాల్సింది కొలత తగ్గించడం. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000 బై 3000, మామూలుగా 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. దాన్ని 1600 బై 1200 చేస్తే అర ఎంబీకి అటూ ఇటూ వచ్చేస్తుంది, కంప్యూటర్ స్క్రీన్ మీద ట్యాంకు ఎంతవరకు లేచిందో, సెంట్రింగ్ కొట్టారో లేదో చూసుకోడానికి అది చాలు. గోడలో పగులు, రాడ్డు కట్టిన తీరు లాంటివి దగ్గరగా పెద్దది చేసి చూడాలి కాబట్టి అవి ఒరిజినల్ ఉండాలి, అలాంటివి రెండో మూడో ఉంటాయి, వాటిని డ్రైవ్‌లో పెట్టుకోవడం మేలు.

—

సీతంపేట_ఘాట్‌రోడ్డు:

నేను ఫీల్డ్‌లో ఉంటాను, వేరే పని, కానీ మీ సూపర్‌వైజర్ బాధ నాకు బాగా తెలుసు. మాది మొన్నటిదాకా శ్రీకాకుళమే, 2022లో జిల్లాలు విడగొట్టాక మన్యం జిల్లాలోకి వచ్చాం. జిల్లా మారింది గానీ సిగ్నల్ మారలేదు. ఊళ్ళో ఉంటే పర్లేదు, పైన గూడేల్లోకి వెళ్తే ఫోన్లో 4జీ గుర్తు ఉంటాది గానీ ఏమీ కదలదు, ఒక్కోచోట 2జీయే.

ఆఫీసులో కూర్చుని వైఫై మీద పంపేవాళ్ళకి 20 ఎంబీ అంటే ఒక బటన్ నొక్కడం. ఇక్కడ సెకనుకి 100 కిలోబిట్లు వస్తంటే ఆ 20 ఎంబీ దిగడానికి సుమారు అరగంట పడతాది, అది కూడా మధ్యలో తెగకపోతే. తెగిందనుకోండి, చాలాసార్లు మళ్ళీ మొదట్నుంచే. అంతసేపు ఎక్కడ నిల్చుంటాం? మాకు సిగ్నల్ దొరికే మలుపు ఒకటుంది, రోడ్డు వంపు తిరిగేచోట చింతచెట్టు కింద, సాయంత్రం అయిదు దాటితే ఆ చెట్టు కింద మాలాంటోళ్ళు నలుగురైదుగురు ఉంటారు, ఆశా వర్కర్ ఒకామె, సెక్రటేరియట్ అబ్బాయి ఒకడు, అందరూ ఫోన్లు పైకెత్తి గుండ్రంగా తిరిగే ఆ చక్రాన్నే చూస్తా ఉంటాం. అంత కష్టపడి దించితే అందులో నాకు పనికొచ్చేది ఒక్క ఫొటో, మిగతావన్నీ వేరే సైటువి. ఏ ఫొటో ఏ సైటుదో పేరు మీద రాసి ఉండదు, ఐఎంజీ అని వెనకాల అంకెలు, అన్నీ దించి తెరిస్తే గానీ తెలీదు.

ల్యాప్‌టాప్‌లో పాత పద్ధతి మెయిల్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి ఇంకో కష్టం, పాప్ పద్ధతిలో మెయిళ్ళు వరసగా దిగుతాయి, పెద్దది ఒకటి ముందు అడ్డంపడితే దాని వెనకున్న చిన్న మెయిళ్ళన్నీ ఆగిపోతాయి. రేపు పొద్దున్న మీటింగ్ ఉంది రమ్మని రాసిన రెండు లైన్ల మెయిలు మర్నాడు మధ్యాహ్నం చూసుకున్నోళ్ళు మాలో ఉన్నారు.

అందుకే నేననేది ఒక్కటే, పంపే ముందు ఇది ఎక్కడ తెరుస్తారో ఒక్కసారి అనుకోండి. పంపేవాడికి ఒక్కసారే ఖర్చు, అందుకునేవాళ్ళు ప్రతి ఒక్కరూ డేటా పెట్టి, టైం పెట్టి, ఛార్జింగ్ పెట్టి దించుకోవాలి. పనిలో పెద్దోళ్ళు మాకోసమే పంపుతున్నారు, కాదనట్లేదు, మా చేతికి అందేలాగ పంపండి అంటన్నాం.

—

నరసన్నపేట_జెరాక్స్:

సీతంపేట అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాది నెట్ సెంటరు, స్కానింగ్, జెరాక్స్, అప్లికేషన్లు. ఎం బుక్ పేజీల గురించి చెప్పారు కాబట్టి స్కానింగ్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే సగం బరువు స్కానర్ దగ్గరే పుడుతుంది.

ఏ4 పేజీని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే 2480 బై 3508 చుక్కలు, అంటే 87 లక్షల చుక్కలు. కలర్‌లో అయితే ఒక్కో చుక్కకి 3 బైట్లు, కుదించకముందు ఒక్క పేజీ 26 ఎంబీ. గ్రే పెడితే అందులో మూడో వంతు. అచ్చంగా నలుపు తెలుపు పెడితే ఒక ఎంబీకి కాస్త పైన. తర్వాత పీడీఎఫ్ అయ్యేటప్పుడు అన్నీ బాగా తగ్గుతాయి గానీ ఆ తేడా మాత్రం ఉంటుంది. 600 డీపీఐ పెట్టారంటే ప్రతిదీ నాలుగింతలు. స్కానర్‌లో ముందున్నోళ్ళెవరో ఫొటో స్కాన్ చేసి 600లో కలర్‌లో ఒగ్గేస్తారు, తర్వాతోళ్ళు చూసుకోకుండా పది పేజీల కాగితం దాంట్లోనే కొట్టేస్తారు, చూస్తే ఫైలు 40 ఎంబీ. చేత్తో రాసిన ఎం బుక్‌కి 200 డీపీఐ గ్రే సరిపోతాది, అంకెలు శుభ్రంగా కనబడతాయి. స్టాంపు రంగు తెలియాలి, ఎర్ర ఇంకు కరెక్షన్లు తెలియాలి అంటే ఆ పేజీ ఒక్కటీ కలర్‌లో చెయ్యండి. అచ్చు నలుపు తెలుపు మాత్రం ఎం బుక్‌కి వద్దు, పెన్సిల్‌తో రాసింది ఎగిరిపోతాది.

ఫోన్తో పేజీని ఫొటో తీసి పంపేవాళ్ళు దాని బదులు గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ అని ఉంటాది, అది వాడండి, అంచులు కత్తిరించి అన్ని పేజీలూ ఒక పీడీఎఫ్ చేస్తుంది, పది జేపీజీల కంటే అదే నయం.

పేరు పెట్టడం కూడా మర్యాదే. నా దగ్గరకొచ్చే మెయిళ్ళలో రోజుకి ఎన్ని "స్కాన్0001" ఉంటాయో. "కురుపాం ట్యాంకు ఎం బుక్ పేజీ 12 నుంచి 18" అని పెడితే బిల్లింగ్‌లో ఉన్న మనిషికి తెరవక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

ఇంకోటి, ఇది ఇక్కడ చెప్పకపోతే నాకు మనసొప్పదు. జనం ఆధార్, పాన్, పాస్‌బుక్కు అన్నీ ఒకే మెయిల్లో పెట్టి ఎవరికి పడితే వాళ్ళకి పంపేస్తన్నారు. నా సెంటర్లో సిస్టం మీద మెయిల్ తెరిచి ఫైళ్ళు దించుకుని ప్రింటు తీసుకుని, లాగౌట్ అవ్వకుండా, డౌన్‌లోడ్స్‌లో ఫైళ్ళు అలగే ఒగ్గేసి వెళ్ళిపోతారు. రోజూ రాత్రి సెంటరు కట్టే ముందు నేనే కూర్చుని తుడిచేస్తాను, అన్ని సెంటర్లలో తుడుస్తారని నమ్మకం లేదు. మీ కూలోళ్ళ ఆధార్లు కూడా లేబర్ పేమెంట్ల కోసం మెయిళ్ళలో తిరుగుతుంటాయి కదా, ఆ 40 మందికి వెళ్ళే మెయిల్లో అవి పొరపాటున కూడా ఉండకూడదు. పనికొచ్చే చోట మాస్క్‌డ్ ఆధార్ వాడండి, చివరి 4 అంకెలే కనబడతాయి.

—

రాజాం_లెక్కలు:

అందరూ డ్రైవ్ లింకు డ్రైవ్ లింకు అంటన్నారు, నేను ఎకౌంట్స్ మనిషిని, నా ఇబ్బంది వినండి.

లింకు పంపినాయన ఆ ఫైలు డిలీట్ చేసినా, ఉద్యోగం మానేసి ఐడీ తీసేసినా ఆ లింకు చచ్చిపోయినట్టే. రెండేళ్ళ తర్వాత ఆడిట్‌లో ఈ బిల్లుకి ఆధారం చూపించండి అంటే నా దగ్గర లింకు ఉంటాది, లోపల ఏమీ ఉండదు. లింకు వెనకాల ఫైలు మార్చినా నాకు తెలీదు, మొదట పంపిన కొలతలూ ఇప్పుడున్న కొలతలూ ఒకటేనా అంటే ఏ మొహంతో చెప్పను? మెయిల్లో అటాచ్ అయి వచ్చిన కాగితం అయితే ఫలానా తారీకున ఫలానా వాళ్ళు ఇదే పంపారు అని చూపించగలను. అందుకని బిల్లు, ఎం బుక్, ఒప్పందం, ఇన్వాయిస్ ఇవన్నీ అటాచ్‌మెంట్‌గానే రావాలి, ఒకరిద్దరికే రావాలి, సైజు తగ్గించి రావాలి. ఫొటోలు, వీడియోలు, డ్రాయింగుల పెద్ద ఫైళ్ళు లింకులో రావాలి. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

లింకు పంపేవాళ్ళకి ఇంకో మాట. పంపేముందు పర్మిషన్ చూడండి బాబూ. రిస్ట్రిక్టెడ్‌లో పెట్టి పంపితే తెరిచిన ప్రతివాడూ యాక్సెస్ అడుగుతాడు, ఆయన సైటులో ఉంటే సాయంత్రం దాకా ఒప్పుకోడు, పని ఆగిపోద్ది. అలగని "లింకు ఉన్నోళ్ళెవరైనా చూడొచ్చు" అని పెట్టేస్తే ఆ లింకు ఎవరి చేతిలో పడితే వాళ్ళు తెరుస్తారు, సైటు ఫొటోలకి పర్లేదు, రేట్లున్న కాగితాలకి మాత్రం పేర్లు పెట్టి ఇవ్వండి. ఎడిటర్ అని కాకుండా వ్యూయర్ అని ఇవ్వండి, లేకపోతే ఎవరో తెలియకుండా చెరిపేస్తారు.

—

సాలూరు_బాబీ:

వాట్సాప్ గ్రూపు పెట్టేస్తే పోలేదా

—

రాజాం_లెక్కలు:

చూసుకోడానికి పర్లేదు. మామూలుగా పంపితే ఫొటో కుదించేస్తుంది, తీసిన తారీకు, చోటు లాంటి లోపలి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, అప్పుడు బరువు మళ్ళీ అంతే. ఆర్నెల్ల తర్వాత వెతకాలంటే ఆ గ్రూపులో శుభోదయాల మధ్య ఎక్కడని వెతుకుతాం.

—

గంటస్తంభం_పక్కన:

అందరికీ చాలా థాంక్స్ అండి, నిజంగా ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. ఆమదాలవలస అన్నయ్య చెప్పినట్టు చూస్తే ఆఫీసు ఐడీ స్టోర్స్ అబ్బాయి ఫోన్లో ఉంది, బ్యాకప్ ఆన్‌లో ఉంది, 15 జీబీలో సగానికి దగ్గరగా అదే. ఆపించాం. మిగతా సగంలో ఎక్కువ సార్ మెయిళ్ళే. సీతంపేట అన్నయ్య రాసింది చదివాక మా సూపర్‌వైజర్ మీద కోపం కూడా పోయింది, ఆయన కూడా అలగే ఎక్కడో నిల్చుని చూసుంటాడు.

కానీ రెండో ప్రశ్న అలగే ఉంది. సార్‌కి ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి?

—

విశ్రాంత_గుమాస్తా_చీపురుపల్లి:

అమ్మా, నేను కలెక్టరాఫీసు సెక్షన్లలో పనిచేసి రిటైరయ్యాను. మీ ఇంజనీరు గారి వయసు వాణ్ణే కాబట్టి ఆయన వైపు నుంచి చెప్తాను. మా తరం వాళ్ళం కాగితం మీద ఎంత పద్ధతిగా ఉండేవాళ్ళమో ఆయనకి తెలుసు. ఉత్తరం రాస్తే పైన విషయం అని, కింద సూచిక అని, చివర జతపరచినవి అని వరసగా రాసి, ఎన్ని కాగితాలో అంకె వేసి, ఎవరెవరికి ప్రతులు పోతాయో పేర్లు రాసేవాళ్ళం. ప్రతి పంపే ప్రతి పేరుకీ ఒక కారణం ఉండేది, ఎందుకంటే ఒక్కో ప్రతికీ ఒక కార్బన్ కాగితం, టైపిస్టు వేళ్ళ నొప్పి ఉండేవి. అనవసరంగా ఒక పేరు చేర్చితే సూపరింటెండెంట్ గారు పిలిచి అడిగేవారు. ఆ పద్ధతి తెలిసిన మనిషికి మెయిల్లో కూడా అదే చెయ్యమంటే కష్టం కాదు, కంప్యూటర్లో కూడా అదే మర్యాద వర్తిస్తుందని ఎవరూ చెప్పి ఉండరు.

అందరి ముందూ చెప్పొద్దు, రిప్లై ఆల్ లో అస్సలు రాయొద్దు. ఆయన మెయిల్ కిందే "దయచేసి పెద్ద ఫైళ్ళు పంపకండి" అని 40 మందికి కనబడేలా రాస్తే అది అవమానం, ఎంత దయచేసి అని రాసినా. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళండి. ఫిర్యాదులా కాకుండా కూలి డబ్బుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. "సార్, కురుపాం ఎం బుక్ ఇందువల్ల ఆగిపోయింది, కూలోళ్ళ డబ్బులు పండగ దాటాయి, పైన సిగ్నల్ లేని చోట మనవాళ్ళకి మీ ఫొటోలు తెరుచుకోవట్లేదు, మీరు చెప్పింది వాళ్ళు చూడలేకపోతున్నారు, ఏం చేద్దాం సార్" అని అడగండి. సైటులో పని చేసినాయనకి కూలివాళ్ళ డబ్బు ఆలస్యమైతే ఎలా ఉంటుందో మీకంటే నాకంటే ఎక్కువ తెలుసు. పరిష్కారం ఆయన నోటినుంచి వస్తే మరీ మంచిది.

తర్వాత పని తేలిక చెయ్యండి. ఫోల్డర్లు మీరే తయారుచేసి, సైటు పేర్లు పెట్టి, ఆయన ఫోన్లోనే షార్ట్‌కట్ పెట్టి, ఫొటోలు అందులో ఎలా వెయ్యాలో పక్కన కూర్చుని రెండుసార్లు చూపించండి. విడిగా ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి. అటుపైన ఓనర్ గారి పేరు మీద అందరికీ వర్తించేలా ఒక చిన్న మెయిలు వెళ్ళాలి, ఒకరిని ఉద్దేశించినట్టు ఉండకూడదు. నేనైతే ఇలా రాస్తాను:

"అందరికీ నమస్కారం. ఇకమీదట సైటు ఫొటోలు ఆఫీసు డ్రైవ్‌లో ఆ సైటు పేరున్న ఫోల్డర్లో వేసి, లింకు మాత్రం సంబంధించిన వారికి పంపగలరు. ఎం బుక్, బిల్లులు పీడీఎఫ్‌గా బిల్లింగ్, ఎకౌంట్స్ వారికి మాత్రమే పంపగలరు, ఒక మెయిలు 5 ఎంబీ దాటకుండా చూడగలరు. సబ్జెక్ట్‌లో సైటు పేరు, విషయం, తేదీ రాయగలరు. మెయిల్ చివర జతపరచినవి ఎన్ని, ఏమేమిటి అన్నది రాయగలరు. పంపిన మెయిలు వెనక్కి వచ్చినట్టు మెసేజ్ వస్తే అర్థం కాకపోయినా వెంటనే బిల్లింగ్‌కి ఫోన్ చేసి చెప్పగలరు."

ఆ చివరి వాక్యం మాత్రం వదలొద్దు. పంపడంతో మన పని అయిపోదు, అవతలివాళ్ళకి అందిందో లేదో చూసుకోవడం పంపినవాళ్ళ బాధ్యతే. మా రోజుల్లో ముఖ్యమైన ఉత్తరానికి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వెనక్కొచ్చేదాకా ఆ ఫైలు కట్టేవాళ్ళం కాదు. అలాగే మీవైపు నుంచి కూడా, ఎం బుక్ అందగానే "అందింది, 7 పేజీలున్నాయి" అని ఒక లైను రాయండి. రెండ్రోజుల్లో ఆ లైను రాకపోతే ఫోన్ చెయ్యాలని సూపర్‌వైజర్‌కి తెలుస్తుంది.

—

సీతంపేట_ఘాట్‌రోడ్డు:

మేష్టారూ ఆ "అందింది" అనే లైను చాలు మాకు. రెండు ముక్కలు, 2జీలో కూడా ఇట్టే వచ్చేస్తాది.

—

గంటస్తంభం_పక్కన:

బాబాయ్ గారూ, ఆ మెయిలు ఉన్నదున్నట్టు ఓనర్ గారికి చూపిస్తాను. సార్ దగ్గరకి సోమవారం నేనూ సూపర్‌వైజరూ ఇద్దరం కలిసి వెళ్తాం, సిగ్నల్ సంగతి ఆయన నోటితో చెప్తేనే బాగుంటుంది.

ఒక చివరి సందేహం అన్నయ్యా. ఇప్పటికే నిండిపోయిన మెయిళ్ళు ఎలగ తీసెయ్యాలి? సార్ ఫొటోల్లో పాత సైట్లవి కావాల్సినవి కూడా ఉండొచ్చు కదా, అన్నీ తుడిచేస్తే రేపు గొడవ.

—

ఆమదాలవలస_రోడ్డు:

తుడవకముందే దించుకోండి. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి వెతికే డబ్బాలో ఇంగ్లీషులో లార్జర్ అని కొట్టి, కోలన్ పెట్టి, దాని పక్కనే ఖాళీ లేకుండా 10 వేసి ఎం అక్షరం కొట్టండి, 10 ఎంబీ దాటినవన్నీ వరసగా వచ్చేస్తాయి. ముందు ఫార్వర్డ్ అయి వచ్చిన రెండో కాపీలు తీసెయ్యండి, వాటిల్లో కొత్తగా ఏమీ ఉండదు, దాంతోనే చాలా జాగా వచ్చేస్తుంది. ఇక్కడొక జాగ్రత్త, ఒకే సంభాషణ కింద కలిసి ఉన్నవాటిలో పైనున్న డిలీట్ నొక్కితే మొత్తం వరస పోతుంది, ఆ ఒక్క మెయిలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి అక్కడ డిలీట్ చెయ్యండి. మిగిలినవి సైటువారీగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి దించి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో ఒకటి రెండు చూసుకుని, ఆ తర్వాతే మెయిళ్ళు తీసెయ్యండి. బిల్లులకి, ఎం బుక్‌లకి సంబంధించిన మెయిళ్ళు మాత్రం ముట్టుకోవద్దు, రాజాం వారు చెప్పిన ఆడిట్ సంగతి ఉంది.

తీసేశాక ట్రాష్ కూడా ఖాళీ చెయ్యాలి. లేకపోతే 30 రోజులు అక్కడే ఉంటాయి, ఉన్నన్నాళ్ళూ 15 జీబీ లెక్కలోనే ఉంటాయి, సూపర్‌వైజర్ పంపే తర్వాతి ఎం బుక్ కూడా వెనక్కి పోతుంది.